పదికి ఏడు పాళ్ళు

భూమి తిరుగుతోందన్న సంగతి మనందరికీ తెలుసు. చిన్నప్పుడు మాస్టారు బెత్తం చేతపట్టుకుని మరీ చెప్పారు. పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయితే నిజంగా నమ్మేవాళ్ళు ఎంతమంది? డాబా మీద పక్క వేసుకుని వెల్లకిలా పడుకున్నప్పుడు మంచం కదిలినట్టు ఎవరికైనా అనిపించిందా? లేదు. పెద్దలు చెప్పారు గనక ఒప్పుకున్నాం, అంతే. అనుభవం మీద ఒప్పుకున్నది కాదు.

అనుభవం కావాలంటే ఒక ఉపాయం ఉంది. కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద బిగించి, ఆకాశం వైపు తిప్పి, మూడు నిమిషాలపాటు దాని కన్ను మూయకుండా ఉంచండి. ఫొటోలో నక్షత్రాలు చుక్కల్లా రావు, గీతల్లా వస్తాయి. నక్షత్రం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. అంటే మూడు నిమిషాలకు ముప్పాతిక డిగ్రీ. నిండు చందమామ వెడల్పు అర డిగ్రీ. మీరు కాఫీ చల్లార్చుకునేలోగా ఆకాశం చందమామన్నర మేర జరిగిపోయిందన్నమాట! అప్పుడు నమ్ముతారు, భూమి తిరుగుతోందని. నమ్మడమే కాదు, కొంచెంసేపు ఆగితే బాగుండునని కూడా అనుకుంటారు.

నేను అలా అనుకోవడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. టెలిఫోన్ల శాఖలో ఫోన్స్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. రిటైరైన వాళ్ళు కొందరు గుళ్ళ వెంట తిరుగుతారు, కొందరు షుగరు పరీక్షల వెంట తిరుగుతారు. నేను నక్షత్రాల వెంట పడ్డాను. "వయసులో ఉన్నప్పుడు సినిమా తారల వెంట కూడా పడలేదు, ఇప్పుడేమిటండీ ఈ తారల పిచ్చి?" అంటుంది మా ఆవిడ.

పిచ్చి ముదరడానికి ఒక కారణం ఉంది. మూడేళ్ళ క్రితం కంటి డాక్టరుగారు నా కుడికంట్లోకి దీపం వేసి చూసి, లోపలి పొర నడిమధ్యన అరుగుతోందన్నారు. అరిగింది తిరిగి రాదట. ఒక గళ్ళ కాగితం ఇచ్చి, ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని రోజూ ఒక్కొక్క కన్నూ మూసి చూసుకోమన్నారు. గీతలు తిన్నగా కనిపిస్తే సరే, వంకరపోతే వెంటనే రమ్మన్నారు. ఇప్పుడు ఆ కంటితో చూస్తే ఎదుటివాళ్ళ చెవులు కనిపిస్తాయిగాని ముక్కు కనిపించదు. ఎడమకన్ను ఇంకా నమ్మకంగానే పనిచేస్తోంది. ఎంతకాలం అని అడిగితే డాక్టరుగారు బల్లమీది పెన్నును అటు నుంచి ఇటు జరిపారు. నాకు అర్థమైంది.

అందుచేత నేను రాత్రుల్ని లెక్కపెట్టుకుంటున్నాను. ఏడాదికి పన్నెండో పదమూడో అమావాస్యలు. అందులో వానాకాలం నాలుగైదింటిని మింగేస్తుంది. మిగిలినవాటిలో పొగమంచు ఒకటి, ఎవరో ఒకరి పెళ్ళి ఒకటి పట్టుకుపోతాయి. ఇక మిగిలేవి చేతివేళ్ళకి సరిపోతాయి. అలాంటి ఒక రాత్రి పరికరం మొరాయించిందంటే, అది పరికరానికి సంబంధించిన ఇబ్బందిగా నాకు తోచదు.

సరే, ఆ పరికరమేమిటో చెప్పాలి కదా. దుర్భిణి కింద ఒక మోటారు పీఠం ఉంటుంది. భూమి తూర్పుకి ఎంత వేగంతో తిరుగుతోందో అంతే వేగంతో అది దుర్భిణిని పడమరకి తిప్పుతూ ఉంటుంది. ఇంతటితో కథ అయిపోవాలి. కాని పీఠంలో పళ్ళచక్రాలున్నాయి. మనుషులు కోసిన పళ్ళు కనక అందులో హెచ్చుతగ్గులు తప్పవు. చక్రానికి 180 పళ్ళుంటే, దాన్ని తిప్పే మరకడ్డీ సుమారు 8 నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో కొంతసేపు ముందుకి తొందరపడుతుంది, కొంతసేపు వెనక్కి బద్ధకిస్తుంది. మళ్ళీ ఎనిమిది నిమిషాలకి అదే తంతు.

ఈ తేడాలను మన పంచాంగకర్తల పాత లెక్కలో చెప్పుకుంటే సుళువు. డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ. ఒక వికళ అంటే ఎంత? పది రూపాయల నాణేన్ని అయిదున్నర కిలోమీటర్ల దూరాన నిలబెడితే దాని వెడల్పు మన కంటికి ఎంత కోణమో అంత. మామూలు పీఠాలు పదుల వికళలు అటూ ఇటూ ఊగుతాయి. ఫొటో బాగా రావాలంటే ఆ ఊపు ఒకటి రెండు వికళలు దాటకూడదు.

అందుకని పెద్ద దుర్భిణి వీపున ఒక చిన్న దుర్భిణి కట్టి, దానికి ఇంకో చిన్న కెమెరా తగిలిస్తారు. ఈ బుల్లి కెమెరా ఫొటో కోసం కాదు. ఒకే ఒక్క నక్షత్రాన్ని పట్టుకుని, రెండు సెకన్లకోసారి అది ఉన్నచోటనే ఉందా అని చూస్తుంది. జరిగిందంటే కంప్యూటరు పీఠానికి కబురుపెట్టి చిన్న తోపు తోయిస్తుంది. దీన్నే గైడింగ్ అంటారు. బస్సులో డ్రైవరు పక్కన నిలబడి "రైట్, రైట్... హోల్డాన్" అనే క్లీనరు కుర్రాడి ఉద్యోగమన్నమాట.

పూర్వం ఈ ఉద్యోగం మనుషులే చేసేవారు. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ మృగశిరలోని గొప్ప నీహారికను మొట్టమొదటిసారి ఫొటో తీసినప్పుడు పలక మీద వెలుగు సుమారు 50 నిమిషాలు పడవలసివచ్చింది. తర్వాతి కాలంలో ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ గంటల తరబడి దుర్భిణికి కన్ను ఆనించి, సన్నటి తీగల కూడలి మీంచి నక్షత్రం జరక్కుండా కాపలా కాసేవాడు. ఈయన కథ విచిత్రం. నాష్‌విల్‌లో పేద ఇంట పుట్టి, తొమ్మిదేళ్ళ వయసులోనే ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. పనేమిటనుకున్నారు? ఎండతో బొమ్మలు పెద్దవి చేసే ఒక భారీ యంత్రాన్ని సూర్యుడు జరిగినకొద్దీ చేత్తో తిప్పుతూ ఉండడం. పగలల్లా సూర్యుణ్ణి వదలకుండా పట్టుకున్న ఆ కుర్రాడే పెద్దయ్యాక రాత్రంతా నక్షత్రాన్ని పట్టుకున్నాడు. 1923లో ఆయన పోయిన నాలుగేళ్ళకి, ఆయన తీసిన పాలపుంత ఫొటోల పటసంపుటి అచ్చయింది.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాదులోనే ఈ పని జరిగింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని వంతులు వేసుకుని ఫొటోలు తీసి పటం తయారుచేయాలని 1887లో పారిస్‌లో తీర్మానించుకున్నాయి. చిలీ దేశంలోని శాంటియాగో వారి వంతుకు వచ్చిన భాగం, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ, చివరికి మనవాళ్ళ భుజాల మీద పడింది. బేగంపేటలో ఏళ్ళ తరబడి పలకలు తీశారు, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా, ఇక్కడ ఒకప్పుడు రాత్రి చీకటిగా ఉండేది కదా అనుకుంటాను. మనసు కాస్త కుదుటపడుతుంది. ట్రాఫిక్ మాత్రం కదలదు.

నా కన్ను ఆ తీగల కూడలి మీద నక్షత్రాన్ని నిలబెట్టలేదు. నడిమధ్యనే కదా నా కంటికి చూపు లేనిది! కనక నాకు ఆ బుల్లి కెమెరా విలాసం కాదు, ఊతకర్ర.

దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. దాని పేరు పి.హెచ్.డి. క్రెయిగ్ స్టార్క్ అనే ఆయన మొదట తయారుచేస్తే, తర్వాత ఔత్సాహికులు తలో చెయ్యీ వేసి పెంచారు. పి.హెచ్.డి. అంటే డాక్టరేటు కాదు. 'పుష్ హియర్ డమ్మీ'. మన భాషలో, 'ఇక్కడ నొక్కవోయ్, మొద్దూ' అని. ఆ పేరు పెట్టినవాడెవరో మనుషుల్ని బాగా ఎరిగినవాడు. నొక్కడం నిజంగా తేలికే. నొక్కాక జరిగేదే పురాణం.

ఇక్కడే నా పాత ఉద్యోగం అక్కరకొచ్చింది. టెలిఫోను చచ్చిపోయిందని కబురొస్తే లైన్‌మన్ ఊరంతా తవ్వడు. సగం దారిలో ఉన్న పిల్లరు దగ్గర తీగ విప్పి పరీక్షిస్తాడు. లోపం ఎక్స్‌ఛేంజి వైపా, ఇంటి వైపా? ఇంటి వైపైతే అందులో మళ్ళీ సగం. నాలుగుసార్లు సగం చేస్తే లోపం కాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఒక సమయంలో ఒక్క తీగే ముట్టుకోవాలి. రెండు తీగలు ఒకేసారి మార్చినవాడికి ఫోను బాగవుతుందేమోగాని ఎందుకు బాగైందో తెలియదు, రేపు మళ్ళీ చస్తే మళ్ళీ మొదటికే.

గైడింగ్‌కీ ఇదే సూత్రం. కెమెరా అసలు దొరకడం లేదని కంప్యూటరు అంటే ఆకాశాన్ని తిట్టి ప్రయోజనం లేదు. ముందు కేబులు చూడాలి. యు.ఎస్.బి. రెండో తరం తీగ అయిదు మీటర్లు దాటితే సంకేతం నీరసిస్తుంది. మధ్యలో ఎన్ని జాయింట్లుంటే అన్ని అనుమానాలు. తీగ మంచిదే అయితే కరెంటు చూడాలి. పెద్ద కెమెరా తనను తాను చల్లబరచుకునే ఫ్యాను వేయగానే పన్నెండు ఓల్టుల బ్యాటరీ దిగజారి, పక్కనున్న బుల్లి కెమెరా స్పృహ తప్పడం కద్దు. పెద్దకోడలు ఏసీ వేయగానే చిన్నకోడలి గదిలో దీపం మిణుకుమన్నట్టు.

కెమెరా దొరికింది, నక్షత్రం దొరకడం లేదంటారా? అద్దం మీద మంచు పట్టిందేమో చూడాలి. సాయంత్రం బాగానే కనబడిన నక్షత్రం పది గంటలకి మసకబారి, పదకొండుకి 'పోయింది' అని కంప్యూటరు బీప్‌మంటే, నూటికి తొంభైపాళ్ళు నక్షత్రం ఎక్కడికీ పోలేదు. అద్దం చెమర్చింది. అద్దం చుట్టూ వెచ్చటి పట్టీ చుడితే మళ్ళీ ప్రత్యక్షం.

ఇంతకన్నా గమ్మత్తయినది ఇంకోటుంది. మన పెళ్ళిళ్ళలో పట్టపగలు పురోహితుడు వేలెత్తి అరుంధతిని చూపిస్తాడు. కనబడిందా అంటే పెళ్ళికొడుకు కనబడిందంటాడు. పెళ్ళికూతురూ కనబడిందంటుంది. ఈ బుల్లి కెమెరా కూడా ఒక్కోసారి పెళ్ళికొడుకు వంటిది. దాని పలకలోనే ఎక్కడో ఒక గడి పాడై ఊరికే వెలుగుతూ ఉంటుంది. దాన్నే నక్షత్రమనుకుని, పట్టుకున్నానహో అంటుంది. గ్రాఫులో గీత గీటుపెట్టి గీసినంత తిన్నగా వస్తుంది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్ళు ఆ గీతను చూసి మురిసిపోతారు. అసలు నక్షత్రం ఏదీ అంత బుద్ధిగా ఉండదు. గాలి ఉన్నంతసేపూ నక్షత్రం వణుకుతూనే ఉంటుంది. వణకని గీత కనబడిందంటే అక్కడ నక్షత్రమే లేదన్నమాట. దీనికి మందు, కెమెరాకి మూతపెట్టి చీకట్లో కొన్ని ఫొటోలు తీయించడం. చీకట్లో కూడా వెలిగేవి తన లోపలి మచ్చలేనని అప్పుడది తెలుసుకుంటుంది.

ఆ తర్వాత కాలిబ్రేషన్. మొద్దు మొదట దిక్కులు నేర్చుకోవాలి కదా! పీఠాన్ని పడమరకి కొంచెం తోసి, నక్షత్రం ఎటు జరిగిందో చూసి, మళ్ళీ వెనక్కి తెచ్చి, ఉత్తరానికి తోస్తుంది. 'నక్షత్రం చాలినంత కదలలేదు' అని పేచీ పెడితే, తోపు పీఠానికి చేరడం లేదనో, పళ్ళచక్రాల మధ్య లూజు ఎక్కువగా ఉందనో అర్థం. ఈ పాఠం ధ్రువం దగ్గర చెప్పించకూడదు. అక్కడ నక్షత్రాలు నత్తనడక నడుస్తాయి. ఖగోళ మధ్యరేఖ దగ్గర, దక్షిణాన నెత్తికి సమీపంగా ఉన్న నక్షత్రంతో చెప్పించాలి. బరువు కూడా తూర్పు వైపు ఒక్క పిసరు మొగ్గేలా తూచుకుంటే, చక్రాల పళ్ళు ఎప్పుడూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి.

మనకి మాత్రమే ఉన్న చిక్కొకటి చెప్పాలి. పీఠం ఇరుసు ధ్రువం వైపు చూడాలి. ఐరోపా వాళ్ళకి ధ్రువనక్షత్రం నెత్తికి సగం ఎత్తులో దర్జాగా వెలుగుతుంది. మనకో? మన అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తూ అంతే, పదహారు పదిహేడు డిగ్రీలు. నేను వెళ్ళేది అచ్చంపేట దాటాక నల్లమల అంచున ఉన్న మా బావమరిది మామిడితోటకి. హైదరాబాదు దానికి సరిగ్గా ఉత్తరం. ధ్రువుడు మామిడికొమ్మల వెనక, మహానగరం వెలుగులో మునిగి, దుమ్ములో తేలుతూ ఉంటాడు. పైగా ఆయన అసలు ధ్రువబిందువు మీద లేడు, అర డిగ్రీకి పైగానే పక్కకున్నాడు. పురాణంలో అంత తపస్సు చేసి సంపాదించిన పదవిలో కూడా సీటు సరిగ్గా కుదరలేదు పాపం!

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా గ్రాఫు రంపపుపళ్ళలా ఎగిరిపడుతుంటే? దిద్దుబాటు ఎక్కువైందేమో చూడాలి. అర సెకనుకోసారి నక్షత్రాన్ని చూసి, ప్రతి వణుకునీ తప్పుగా ఎంచి పీఠాన్ని తోస్తే, గాలి వణికించినదాన్ని మనం ఇంకాస్త వణికించినట్టవుతుంది. తోసేలోపలే నక్షత్రం దానంతటది వెనక్కి వచ్చేస్తుంది. మన తోపు దాన్ని అవతలికి నెట్టేస్తుంది. మళ్ళీ ఇటు తోపు. అందుకని రెండు మూడు సెకన్లు ఆగి చూడమంటారు తెలిసినవాళ్ళు. సాఫ్ట్‌వేరులో ఇంకో కిటుకు ఉంది. పదివంతుల తప్పు కనబడితే ఏడువంతులే దిద్దుతుంది. మరీ చిన్న తప్పైతే చూసి కూడా ఊరుకుంటుంది. తయారుచేసినవాళ్ళే అలా అమర్చి ఇచ్చారు. పిల్లల్ని పెంచే పుస్తకాల్లో కూడా ఇంత మంచి మాట నేను చదవలేదు.

ఇక నిరుటి జనవరి అమావాస్య సంగతి. మృగశిర మండలంలో నడుముపట్టీ కింద గుర్రపుతల అనే నల్లమబ్బు ఉంది. దాన్ని 1888లో హార్వర్డు వేధశాలవారి ఫొటోపలక మీద కనిపెట్టినావిడ విలియమినా ఫ్లెమింగ్. ఆ వేధశాల డైరెక్టరుగారి ఇంట్లో పనిమనిషిగా చేరి, ఖగోళ శాస్త్రవేత్తగా ఎదిగిన మనిషి. బర్నార్డు తయారుచేసిన నల్లమబ్బుల జాబితాలో దాని నంబరు 33. ఇటువంటి నల్లటి మచ్చలు ఆకాశంలో ఖాళీలా, అడ్డొచ్చిన మబ్బులా అని ఆయన చాలాకాలం తర్జనభర్జన పడ్డాడు. ఖాళీలు కావు, వెనకున్న వెలుగుకి అడ్డంగా నిలిచిన ధూళిమేఘాలు. గుర్రపుతల మనకి సుమారు 1300 కాంతి సంవత్సరాల దూరం. నడిమధ్యన నల్లమచ్చ పెట్టుకుని తిరిగే నా బోటివాడికి ఆ గుర్రమంటే మక్కువ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికల్లా అన్నీ సిద్ధం. కేబుళ్ళు, కరెంటు, మంచుపట్టీ, దిక్కుల పాఠం అన్నీ సవ్యం. గ్రాఫు ఒక వికళ లోపల మెల్లగా ఊగుతోంది. అంతకన్నా మంచి గ్రాఫు నేను చూడలేదు. ఫొటో మాత్రం పాడు! ప్రతి నక్షత్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంది. అన్ని గుడ్లూ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. ఫొటోకీ ఫొటోకీ గుర్రం ఒక పక్కకి కొంచెం కొంచెం జరుగుతోంది. కాపలా కాసే నక్షత్రమేమో కదలకుండా ఉంది.

సగం సగం లెక్క మొదలుపెట్టాను. పీఠం తప్పైతే రెండు దుర్భిణులకీ కనబడాలి. ఒకదానికే కనబడుతోందంటే తప్పు రెండింటికీ మధ్యనుంది. అంటే చిన్న దుర్భిణి పెద్దదాని వీపు మీద కుదురుగా కూర్చోలేదన్నమాట. దాన్ని పట్టుకునే రెండు కడియాల మధ్య దూరం పది సెంటీమీటర్లు. ఒక చివర వెంట్రుక మందంలో నూరో వంతు కుంగినా ఆకాశంలో ఒక వికళ దాటుతుంది. కడియాలకి తయారుచేసినవాళ్ళు బిగించి ఇచ్చిన మరల కొసలు ప్లాస్టిక్‌వి. దుర్భిణి తూర్పు నుంచి పడమరకి ఒరిగినకొద్దీ బరువు మారి అవి నొక్కుకుపోతున్నాయి.

లోపం తెలిసేసరికి పన్నెండు దాటింది. మృగశిర నడినెత్తి దాటి పడమటికి వాలుతోంది. తోట కాపలా పెద్దాయన చలిమంట దగ్గర కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

"ఏమైంది సారూ, చుక్క దొరకలేదా?"

"చుక్క దొరికింది. దాన్ని చూసే గొట్టమే నిలవడం లేదు, పెద్దాయనా."

ఆయన లేచి వచ్చి గొట్టాన్ని టార్చి వెలుగులో ఎగాదిగా చూశాడు. గుడిసెలోకి పోయి ఒక వెదురు చీలిక, పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చాడు. చీలికను చెక్కి కడియానికీ గొట్టానికీ మధ్య నొక్కిపెట్టి, ట్యూబుతో బిర్రుగా చుట్టాడు. తర్వాత ల్యాప్‌టాపులో ఊగే గీతను చూపించి ఇదేమిటని అడిగాడు. ఒక్క చుక్కనే చూసుకుంటూ పెద్ద గొట్టాన్ని నడిపిస్తుందని చెప్పాను.

"గంతేనా? దున్నుడు గూడ గదే గద సారూ! ఎడ్ల తోకలు జూసుకుంట దున్నితే సాలు వంకర్లు పోతది. అవతల గట్టు మీది చెట్టును జూసి దున్నాలె. ఎడ్లు జరంత అటిటు అయితనే ఉంటయి. ఊకె ముల్లుగర్రతోని పొడిస్తే బెదురుతయి. జర సూసి సూడనట్టుండాలె. సాలు సక్కగనే వస్తది."

నేను ఆరేళ్ళుగా చదివిన పుస్తకమంతా ఆయన నాలుగు ముక్కల్లో అప్పజెప్పాడు. ఎవరి దగ్గర చదివాడని అడగాలనిపించింది. నొక్కకుండానే పి.హెచ్.డి. వచ్చినవాడు మరి!

ఒంటిగంటకి మొదటి మంచి ఫొటో వచ్చింది. నక్షత్రాలు ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. మూడింటిదాకా ముప్పైఆరు ఫొటోలు దొరికాయి. ఆ తర్వాత మృగశిర చెట్లలోకి దిగిపోయింది. ఒక్కొక్క ఫొటోలో గుర్రం పల్చగా ఉంటుంది. అన్నింటినీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే చిక్కబడుతుంది.

నేను తెరను తిన్నగా చూడలేదు. మసకవాటిని తిన్నగా చూడకూడదని, కొంచెం పక్కకి చూస్తే బాగా తెలుస్తాయని దుర్భిణి పట్టిన ప్రతివాడికీ తెలుసు. కంటి అంచుల్లోని కణాలు సన్నటి వెలుగును పట్టడంలో నడిమివాటికన్నా నేర్పరులు. కవులు ఓరచూపును ఎందుకు వర్ణించారో నాకు డెబ్భై దగ్గరపడుతుంటే తెలిసింది. ఎడమకన్ను మూసి, అరిగిపోయిన కుడికంటితోనే ఓరగా చూశాను. ఎర్రటి వెలుగు మీద నల్లటి గుర్రం మెడ వంచి నిలబడి ఉంది. స్పష్టంగా.

పెద్దాయన కూడా వంగి చూశాడు.

"గుర్రమేంది సారూ, మా మేకపోతు లెక్క ఉన్నది," అన్నాడు.

1300 ఏళ్ళ నాటి వెలుగు గురించి ఇంత క్లుప్తమైన సమీక్ష ఇంకెవరూ చేసి ఉండరు.

తోట నుంచి వచ్చాక నా నోటుపుస్తకంలో లోపాల జాబితాకి ఇంకో రెండు వరుసలు చేరాయి. లోపం, లక్షణం, పరీక్ష, మందు అని నాలుగు గడులు గీసి పెట్టుకున్నాను. అక్షరాలు ఏటేటా పెద్దవిగా వ్రాస్తున్నాను. ముందుముందు చదువుకోవాలి కదా. ఫ్రిజ్ మీది గళ్ళ కాగితాన్ని రోజూ చూసుకుంటూనే ఉన్నాను. ఎడమకంటికి గీతలు ఇప్పటికి తిన్నగానే ఉన్నాయి. కొంచెం వణికినట్టు అనిపించిన రోజున గాభరాపడను. కన్ను ఆర్పి, కాసేపాగి మళ్ళీ చూస్తాను. అప్పుడూ వంకరగానే ఉంటే డాక్టరుగారున్నారు.

మొన్న మా ఆవిడ పప్పులో తిరగమోత వేస్తుంటే ఈ ఏడుపాళ్ళ సిద్ధాంతాన్ని వివరించాను. ప్రతి తప్పునీ దిద్దకూడదనీ, దిద్దినా మొత్తం దిద్దకూడదనీ, చిన్నవాటిని చూసీ చూడనట్టు పోనివ్వాలనీ, అప్పుడే ఎదుటిది తన దారిన తిన్నగా నడుస్తుందనీ, ఇది ఎంతో మేధావులు కనిపెట్టిన సూత్రమనీ చెప్పాను.

ఆవిడ గరిటె ఆపకుండానే అంది.

"నలభైమూడేళ్ళ బట్టి ఈ ఇంట్లో జరుగుతున్నదదే. మీ గ్రాఫులో పడలేదంతే."